చదవకుండా చెక్కిన పేరు

ఎదురింటివాళ్ళు ముందు గదికి బండలు మార్పిస్తున్నారు. నంద్యాలలో ఇప్పుడు ఎవరు ఇల్లు కట్టినా నేల మెరవాలి, అందులో మొహం కనిపించాలి. వీళ్ళకు మాత్రం ఎందుకో పాతకాలపు బేతంచెర్ల బండలే కావాలట. మేస్త్రీ కరెంటు రంపంతో కోస్తుంటే దుమ్ము లేవకుండా పక్కనుంచి ఒకామె చెంబుతో నీళ్ళు పోస్తోంది. ఆ రొద భరించలేక మా అమ్మాయి కరుణ కిటికీలన్నీ మూసి, పాఠాలు చెప్పడానికి బడికి వెళ్ళింది. ఆమె అటు వెళ్ళగానే నేను మళ్ళీ తెరిచాను. కోసిన బండ మీద నీళ్ళు పడితే ఒక వాసన వస్తుంది. తొలకరి వాసనలా కమ్మగా ఉండదు. సున్నమూ ఇనుమూ కలిసినట్టు ఉంటుంది. ఎవరికీ నచ్చే వాసన కాదు. నాకు మాత్రం అది తగిలితే ఆళ్ళగడ్డలో పెద్దాచారి రాతిపని కొట్టమూ, అందులో సుత్తులకంటే గట్టిగా అరిచే చిన్ననాటి కరుణా కళ్ళముందుకొస్తారు. ఆ పూటకు ఇక అన్నం సహించదు.

పెద్దాచారి అసలు పేరు నరసింహాచారి. ఆళ్ళగడ్డలో రాతి పని చేసే ఇళ్ళు చాలా ఉన్నాయి కాబట్టి ఆచారులూ చాలామందే ఉన్నారు. వాళ్ళలో ఈయన పెద్దాచారి. దేవుడి విగ్రహాలు చెక్కేవాడు. అవి లేని రోజుల్లో శంకుస్థాపన రాళ్ళూ, సమాధి రాళ్ళూ చేసేవాడు. పొట్టి మనిషి. ఏళ్ళ తరబడి సుత్తి చప్పుడులో కూర్చుని చెవులు మందగించాయి. అందుకని తానూ అరిచి మాట్లాడేవాడు, ఎదుటివాడూ అరవాల్సిందే. కొత్తవాళ్ళు వస్తే అక్కడేదో తగాదా జరుగుతోందనుకుని గుమ్మంలోనే ఆగిపోయేవారు. వినపడలేదని ఒప్పుకోవడం మాత్రం ఆయనకు నామోషీ. సగం విని మిగతా సగం తానే పూరించుకునేవాడు.

నేను ఆయన దగ్గరికి పని నేర్చుకుందామని వెళ్ళలేదు. అప్పుడు నేను లారీ డ్రైవర్ని. బేతంచెర్లలో బండలు ఎత్తుకుని బెంగళూరు, మద్రాసు, హైదరాబాదు తిరిగేవాణ్ణి. ఎప్పుడు ఇంటికి వస్తానో నాకే తెలిసేది కాదు. ఆ పనంటే నాకు ప్రాణం, దాచుకోవడం ఎందుకు? ఘాటు రోడ్డులో నిండు లోడుతో దిగుతున్నప్పుడు నేనే రాజుననిపించేది. నా భార్య మార్తమ్మ కామెర్లతో పోయేనాటికి కరుణకు ఇంకా సరిగా నడక రాలేదు. సమాధి కార్యక్రమం అయిన మర్నాడే మా అత్త సంతోషమ్మ మూట కట్టింది.

“ఆడబిడ్డను లారీలో ఏసుకోని యాడ తిప్పుతావు నాయనా? మా గడివేములకు తీసకపోతా. నేను సాకుతా,” అంది.

ఆమె అన్నదాంట్లో తప్పేమీ లేదు. అయినా నేను ఇవ్వలేదు. పిల్లను కూడా పంపేస్తే నాకు ఇల్లంటూ ఉండదని భయం. మొండిగా లారీ క్యాబిన్‌లో సీటు వెనక పాత చీరతో ఉయ్యాల కట్టాను. క్లీనరు ఆడించేవాడు, నేను తోలేవాణ్ణి. బెంగళూరు దారిలో ఒకసారి పిల్లకు జ్వరం వచ్చి, పక్కకు ఆపే చోటు లేక, ఒక చేత్తో స్టీరింగు, ఒక చేత్తో పిల్ల నుదురు పట్టుకుని తోలాను. ఆ రోజే ఈ బతుకు కుదరదని నాకు తెలిసిపోయింది. ఇంకేం చేయాలో మాత్రం తెలియలేదు. ఎనిమిదో తరగతితో చదువు మానినవాణ్ణి, నన్ను ఒకచోట కూర్చోబెట్టి పని ఇచ్చేదెవరు?

అలాంటి రోజుల్లో ఆళ్ళగడ్డలో పెద్దాచారి కొట్టం ముందు బండలు దించాల్సి వచ్చింది. పిల్ల క్యాబిన్‌లో గుక్క పట్టి ఏడుస్తోంది. ఆయనకు ఏడుపు వినపడిందో, ఎర్రబడిన మొహమే కనపడిందో, వచ్చి ఏమీ అడగకుండా ఎత్తుకుపోయి ఇసుక కుప్ప మీద కూర్చోబెట్టి మళ్ళీ పనిలో పడ్డాడు. నాలుగు సుత్తులు ఒకేసారి మోగుతున్నాయి. ఇక పిల్ల దడుచుకుంటుందని నేను పరిగెత్తాను. అది నోరు తెరుచుకుని చూస్తోంది. ఏడుపు లేదు.

“తల్లి యాడుండాదప్పా?” అని అరిచాడు ఆయన.

“లేదు సామీ. పోయింది.”

“మరి నువ్వు యాడికి పోతాండావు దీన్నేసుకోని?”

“మద్రాసుకు సామీ.”

ఆయన సుత్తి కింద పెట్టాడు. “యాడికీ పోవద్దు. ఈడ్నే కూర్చో. నేను నేర్పిస్తా. లారీ అయితే నువ్వు దాని ఎంబడి పోవల్ల. రాళ్ళు అట్ల కాదు, అవే నీ తావకొస్తాయి. పాప నీ కళ్ళ ముందరే ఉంటాది.”

నేను నవ్వాను. ముప్పై ఏళ్ళు మీదపడుతున్నవాణ్ణి, స్టీరింగు తప్ప ఏమీ పట్టని చేతులు. నేనేమో ఆదివారం చర్చికి వెళ్ళేవాణ్ణి, ఆయనేమో విగ్రహాలు చెక్కే ఆచారి. ఆ సంగతే చెబితే, “దేవుండ్ల కాడికి నిన్నెవురు పొమ్మన్యారు? అక్షరాలు కొట్టు,” అన్నాడు. మద్రాసు లోడు దించి వచ్చి, లారీ తాళాలు షావుకారుకు ఇచ్చేసి, పిల్లతో, ఒక ట్రంకుపెట్టెతో ఆళ్ళగడ్డ బస్సెక్కాను. నన్ను పిచ్చివాడన్నవాళ్ళే ఎక్కువ.

కొట్టంలో పని ఇలా సాగేది. పెద్దాచారి జాజులో, అంటే ఎర్రమట్టి నీళ్ళలో, కుంచె ముంచి బండ మీద అక్షరాలు రాసేవాడు. ఆయన రాసిన ఎర్ర గీతల మీద నేను ఉలి పెట్టి కొట్టాలి. మొదటి రోజు నేను ఏం రాశాడా అని చదువుతూ కొడుతున్నాను. వచ్చి నా చెయ్యి పట్టుకుని ఆపాడు.

“చదవద్దు. చదివితే మనసు ముందుకు ఉరుకుతాది, చెయ్యి దాని ఎంబడి పడతాది. ఆడ ఏముండాదో నీకు పని లేదు. గీత మీద పో, అంతే.”

అది నిజమే. మన తెలుగు అక్షరాలన్నీ గుండ్రాలు. బేతంచెర్ల బండ పొరలు పొరలుగా ఉంటుంది. వంపు దగ్గర తొందరపడితే పొర లేచిపోతుంది, ఇక ఆ బండ పనికిరాదు. పనికిరాని బండలను పారేయరు, బోర్లా తిప్పి వాడుకుంటారు. ఆ వీధిలో గడప ముందు మెట్లు, బట్టలుతికే బండలు, స్నానానికి కూర్చునే బండలు అన్నీ అడుగున తప్పుపోయిన పేర్లే. ఏ పంచాయతీ ప్రెసిడెంటు పేరు మీద ఎవరి దుప్పట్లు ఉతుకుతున్నారో ఎవరికీ తెలియదు. నేను పని నేర్చుకున్న మొదటి ఏడాది ఆ వీధిలో బండలకు కరువు లేకుండా పోయింది. “ప్రకాశం వచ్చినాక అందరికీ మెట్లు కుదిరినాయప్పా,” అని ఆచారులు నన్ను చూసి నవ్వేవారు. చివరికి చదవకపోవడం వచ్చింది. గంటల తరబడి తల వంచుకుని గీత ఒక్కటే చూడటం వచ్చింది. నా పనిలో పొరలు లేవడం ఆగిపోయింది.

కరుణ ఆ కొట్టంలో పెరిగింది. సుత్తుల మోతలో మాటలు నేర్చింది కాబట్టి మాటంటే అరవడమే అనుకుంది. ఒక ఆదివారం పాస్టరుగారు కళ్ళు మూసుకుని ప్రార్థన చేస్తుంటే, “నాయనా, ఆయప్పకు నిద్ర వస్తాందా?” అని అడిగింది. చర్చి చర్చంతా విన్నది. పెద్దాచారి భార్య శేషమ్మ మొదట్లో పిల్లకు పాలు వేరే గ్లాసులో పోసి కొట్టం అంచున పెట్టేది. కొన్నాళ్ళకు ఆ గ్లాసు ఎక్కడో పోయింది. ఎవరూ వెతకలేదు. తరువాత పిల్ల వాళ్ళ వంటింట్లోనే కనిపించేది.

మధ్యాహ్నాలు ఎక్కువసేపు పెద్దాచారి ఒళ్ళోనే ఉండేది. ఆయన పెద్దవాడు, పని తగ్గించుకున్నాడు, తీరిక ఉంది. నాకు పని పెరిగింది, తీరిక లేదు. ముక్క బండ ఒకటి దాని చేతికిచ్చి జాజుతో “కరుణ” అని రాసేవాడు. అది నీళ్ళు పోసి కడిగేది. “మళ్ళా రాయి తాతా!” అనేది. “రాయి కావల్లనా, రాయల్లనా?” అని ఆయన ఆటపట్టించేవాడు. రెండూ కావాలని అది. అలా రోజుకు ఎన్నిసార్లు రాసేవాడో. ఇద్దరూ ఒకరిని మించి ఒకరు అరుస్తుంటే నాకు వెనకనుంచి వినపడేది. పిల్ల సంతోషంగా ఉంది కదా అని నేను నా గీత మీద నేను పోయేవాణ్ణి.

కరుణకు నాలుగేళ్ళు నిండాక వచ్చిన క్రిస్మస్‌కు కొన్నాళ్ళ ముందు, సంజామల వైపునుంచి భార్యాభర్తలు వచ్చారు. చిన్న పిల్ల పోయిందట, సమాధి రాయి కావాలట. ఆ తండ్రి నేల చూస్తూ, వినపడీ వినపడనట్టు మాట్లాడాడు. పేరు కృప అని చెప్పాడు. పెద్దాచారి చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని విని తల ఊపాడు. రెండోసారి అడగలేదు. బిడ్డ పోయినవాణ్ణి పేరు మళ్ళీ చెప్పమనడం ఎట్లా అనుకున్నాడని తరువాత చెప్పాడు. కృప అన్నా కరుణ అన్నా ఒకటే కదా. ఆయనకు అర్థం చెవినబడింది, పేరు పడలేదు. ఇక ఆయన చెయ్యి రోజూ రాసే పేరే రాసింది.

ఆ బండ నా ముందుకు వచ్చింది. నేను చదవలేదు. గీత మీద పోయాను. క కొట్టాను, రు కొట్టాను, ణ కొట్టాను. దాని కింద “ప్రభువునందు నిద్రించినది” అని ఉంది, అదీ కొట్టాను. ఒక్క పొర లేవలేదు. అంత శుభ్రంగా నేను అంతకుముందు ఏ బండా కొట్టలేదు. కడిగి గోడకు ఆనించి ఇంకో బండ ముందుకు లాక్కున్నాను.

మొదట చదివింది కరుణే. దానికి వచ్చిన ఒకే ఒక్క మాట అది. “నా పేరు! తాతా, నా పేరు ఇంత పెద్దగ కొట్టినారే!” అని చప్పట్లు కొట్టింది. ఎవరి పనిలో వాళ్ళం, ఎవరం తల ఎత్తలేదు. అది శేషమ్మ పెరట్లోకి పోయి బంతిపూలు కోసుకొచ్చి, బండ ముందు పెట్టి, దాన్ని ఆనుకుని కూర్చుంది. సరిగ్గా అప్పుడే మా అత్త సంతోషమ్మ, మనవరాలికి పండగ గౌను కుట్టించి తెచ్చి, కొట్టంలో అడుగుపెట్టింది. ఆమెకు బైబిలు కూడబలుక్కుని చదవడం వచ్చు. పిల్ల తల మీదుగా బండను చూసింది. ఒక్కొక్క అక్షరమే చదివింది.

గౌను కింద పడేసి ఆమె అరిచిన అరుపు పెద్దాచారికి కూడా వినపడింది. సుత్తులన్నీ ఆగిపోయాయి.

“బతికుండే బిడ్డకు గోరీ రాయి కొట్టినావా ప్రకాశం? నా కూతురు పోయింది చాల్లేదా నీకు?”

నేను అప్పుడు చదివాను. పెద్దాచారి ఏదో చెప్పబోయాడు. ఆమె వినలేదు. పిల్లను చంకనేసుకుని బస్టాండుకు నడిచింది. నేను వెనకే పరిగెత్తి బతిమాలాను. కరుణకు ఏం జరిగిందో తెలియక, బస్సు కిటికీలోంచి, “నా రాయి ఇంటికి తీసకపో నాయనా!” అని అరుస్తూనే ఉంది.

నేను తిరిగి వచ్చేసరికి పెద్దాచారి ఆ బండ దగ్గర కూర్చుని ఉన్నాడు. మామూలుగా అయితే బోర్లా తిప్పి ఎవరింటి ముందో వేసేవారు. ఎవరో అదే అన్నారు కూడా. “బిడ్డ పేరు మీద ఎవురు కాలు పెడతార్రా?” అని కసిరాడు. ఇసుక, నీళ్ళు పోసి, గరుకు రాయి పెట్టి తానే రుద్దడం మొదలుపెట్టాడు. మమ్మల్ని ముట్టుకోనివ్వలేదు. పేరు అంతా పోయేదాకా రుద్దాడు. బండ పలచబడి దేనికీ పనికిరాకుండా పోయింది. తరువాత జాజు గిన్నె, కుంచె తెచ్చి నా ముందు పెట్టి, “ఇంక పేర్లు నువ్వే రాయి. అడిగి, చదువుకోని రాయి. నాకొద్దు,” అన్నాడు. ఆ తరువాత ఆయన కుంచె పట్టగా నేను చూడలేదు. కృప పేరు నేనే రాశాను, నేనే చెక్కాను. డ్రైవరును కాస్తా అక్షరాల ప్రకాశమయ్యాను. ఆ పేరు నాకు అలా వచ్చింది, అందుకే ఎవరు పిలిచినా ఒళ్ళు మండుతుంది.

పండగ పోయాక పెద్దాచారి నన్ను తీసుకుని గడివేములకు వచ్చాడు. నంద్యాలలో బస్సు మారాలి. మా పేటలోకి ఆయన రావడమే వింత. జనం తలుపుల్లో నిలబడి చూశారు. మా అత్త మంచం వాల్చి, చాలాసేపు తటపటాయించి, మజ్జిగ తెచ్చింది. ఆయన రెండు చేతులతో తీసుకుని మొత్తం తాగాడు. ఆ రోజుల్లో ఆయన కులంవాళ్ళు మా ఇళ్ళలో మంచినీళ్ళు ముట్టేవారు కాదు.

“తప్పు నాదమ్మా,” అన్నాడు. “రాసింది నేను. ఈయప్పకేం తెల్దు. చదవలా.”

“కన్నబిడ్డ పేరు చదవకుండా ఎట్ల కొట్నాడు సామీ?” అంది మా అత్త.

“నేనే చదవద్దంటి.”

ఆమె ఆయన చేతిలోని ఖాళీ గ్లాసు తీసుకుంది. కోపం అప్పటికే తగ్గింది. అది మిగిలి ఉన్నా బాగుండేది, బతిమాలడానికి వీలుండేది. “ఈడ బళ్ళో ఏసినాము. టీచరమ్మ పక్కింట్లోనే ఉంటాది. సెలవులకు పంపిస్తాలే. ఈడ్నే ఉండనీ సామీ, ఆ దుమ్ములో ఎందుకు?” అంది నెమ్మదిగా. ఇంతలో కరుణ బడినుంచి వచ్చింది. నేను చేతులు చాచాను. అది నా పక్కనుంచి పోయి పెద్దాచారి ఒళ్ళో ఎక్కి కూర్చుంది. చిన్నపిల్ల కదా అనుకున్నాను, అప్పుడు.

తిరుగు బస్సులో నంద్యాల దాటాక ఆయన నోరు విప్పాడు. మొదటిసారి అరవకుండా మాట్లాడాడు. “నీకు లారీనే మేలుండె ప్రకాశం. పాప కోసరం అని కూర్చోబెడితి. పాపే పాయె. పో, మళ్ళా తోలుకో. నేనేమనుకోను.”

నిజానికి షావుకారు అప్పటికే కబురు పెట్టాడు. కొత్త లారీ, మద్రాసు లైను. నేను పోలేదు. సెలవు వచ్చిన ప్రతిసారీ కరుణ ఆళ్ళగడ్డకే పోదామనేదట. నేను లారీలో ఏ ఊళ్ళో ఉంటానో తెలియకపోతే అది ఎవరి దగ్గరికి వస్తుంది? సెలవుల కోసం ఉండిపోయాను. బతుకంతా ఉండిపోయాను. ఇప్పటికీ రోడ్డు మీద నిండు లోడుతో పోయే లారీ చప్పుడు వింటే, ఏ గేరులో పోతోందో చెయ్యి చెప్పేస్తుంది.

తరువాతి ఏళ్ళు త్వరగా పోయాయి. సెలవులకు వచ్చిన ప్రతిసారీ పిల్ల కొంచెం మెల్లగా మాట్లాడేది. నంద్యాల హాస్టల్లో చేరేనాటికి పూర్తిగా మెత్తబడి, చుట్టపుచూపుగా వచ్చినట్టు అడిగి అన్నం పెట్టించుకునేది. పెద్దాచారి చెవులకు ఆ గొంతు అందేది కాదు. పెదాలు చూసి తల ఊపేవాడు. ఎనభైల చివర్లో, కరుణ టీచరు ట్రైనింగులో ఉండగా, దగ్గు ముదిరి ఆయన పోయాడు. రాయి దుమ్ము అని డాక్టర్లు అన్నారు. కరుణ వచ్చి ఆయన కాళ్ళ దగ్గర కూర్చుని ఏడ్చిన ఏడుపు చూసి శేషమ్మే దాన్ని ఓదార్చింది.

ఆ సాయంత్రం బస్టాండులో నంద్యాల బస్సు కోసం నిలబడ్డాం. ఏదో ఒకటి మాట్లాడాలని, “చిన్నప్పుడు ఆ కొట్టంలో ఉన్నది నీకేమన్నా జ్ఞాపకముందా పాపా?” అని అడిగాను.

“అంతా ఉండాది నాయనా,” అంది. “తాత ఒడి, తాత మొగం, తాత మీసాలకు అంటుకున్న దుమ్ము. జాజు వాసన.”

“నేనో?”

ఆలోచించింది. అబద్ధం చెప్పడం ఆమెకు రాదు. “నీది వీపు జ్ఞాపకముండాది నాయనా. ఎప్పుడూ వంగుకోని ఉంటివి కదా.” అని నవ్వింది. అందులో నిష్ఠూరమేమీ లేదు. అడిగాను, చెప్పింది.

బస్సు వచ్చింది, ఎక్కించాను. నేను నడిచి కొట్టానికి వచ్చి చాలాసేపు ఊరికే కూర్చున్నాను. పిల్ల కోసం లారీ వదిలాను, ఊరు వదిలాను, ముప్పై ఏళ్ళ వయసులో కొత్త పని నేర్చుకున్నాను. దాని కళ్ళ ముందు ఉండాలనే ఇదంతా. ఉన్నాను కూడా. అదే నా కళ్ళ ముందు లేదు. కొట్టంలో ఆ మూడేళ్ళూ పక్కనే ఉన్న పిల్ల మొహం నాకంటే పెద్దాచారే ఎక్కువ చూశాడు. ఆయన నాకు పని నేర్పాడు, నేను ఆ పనిలో ఉండగా నా పని తాను చేశాడు. ఆయన్ను తలుచుకుంటే దండం పెట్టాలనిపిస్తుంది, ఆ వెంటనే కడుపు మండుతుంది. రెండూ నిజమే. ఒకటి పోతే బాగుండునని చాలాకాలం అనుకున్నాను, ఏదీ పోలేదు.

ఇప్పుడు కరుణ దగ్గరే నంద్యాలలో ఉంటున్నాను. రిటైరయ్యే వయసు దగ్గరపడింది ఆమెకు. జుట్టు నెరిసింది. సాయంత్రం బడినుంచి వచ్చి చెప్పులు విప్పుతుంటే నేను చేతిలో ఏది ఉన్నా పక్కన పెట్టేసి ఆమె మొహం చూస్తూ కూర్చుంటాను. ఎండకు కమిలి, సుద్దపొడి అంటుకుని, అలిసిపోయి ఉంటుంది.

“ఏంది నాయనా, అట్ల చూస్తాండావు?” అంటుంది.

ఏం లేదమ్మా అంటాను.